మూడు మందులు, ఒక్క అంకె

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలల్లో 'మందు' అనే మాటకు మూడు అర్థాలున్నాయి. పురుగుకు కొట్టేది మందు. పొద్దుగూకాక కొట్టు దగ్గర తాగేది మందు. ఆసుపత్రిలో చీటీ మీద రాసిచ్చేదీ మందే. మొదటి మందును పురుగుమందుల షాపువాడు అప్పు మీద ఇస్తాడు. రెండో మందు మీద వచ్చే పన్నుతో సర్కారు ఖజానా నింపుకుంటుంది. మూడో మందు ఇవ్వాల్సిందీ ఆ సర్కారే. మూడూ పోయేది మాత్రం ఒక్క ఒంట్లోకే. ఎక్కువ ఊళ్లలో ఆ ఒళ్లు మాల మాదిగ కూలీదో, సెంటు భూమి లేని కౌలుదారుదో అయి ఉంటుంది.

ఆ ఒంటికి ఏం జబ్బు చేసిందో ఆసుపత్రి చివరికి ఒక అంకెతో తేల్చేస్తుంది. ఎఫ్10. ఆ అంకె ఏం చెబుతోంది, ఏం దాస్తోంది, ఎవరికి అక్కరకొస్తోంది అన్నదే ఈ వ్యాసంలో మా ప్రశ్న.

కథల మీదా కవిత్వం మీదా రాసుకునేవాళ్లు అంకెల పుస్తకం మీద పడ్డారేమిటని కొందరు మిత్రులు అనుకోవచ్చు. మనుషుల్ని గళ్లలో సర్దే పుస్తకాలతో మన పరిచయం ఇవాళ్టిది కాదు. మనుస్మృతి సంగతి అలా ఉంచండి. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి కూడా వచ్చింది, 1952లో రద్దయింది. బాపట్ల పక్కన స్టూవర్టుపురం ఎరుకలవాళ్ల మీద పడ్డ ముద్ర ఎప్పుడు రద్దయిందో వాళ్లనే అడగాలి. పుస్తకం పట్టుకుని రాసేవాడు ఒకడుంటే, ఆ రాతకు గురయ్యేవాళ్లు కూడా ఆ పుస్తకాన్ని చదవటం నేర్చుకోవాలి.

పుస్తకంలో ఏముంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసే అంతర్జాతీయ రోగ వర్గీకరణ పదో కూర్పు 1990లో ఆమోదం పొంది 1994 నుంచి వాడకంలోకి వచ్చింది. అందులో మద్యం వల్ల వచ్చే మానసిక, ప్రవర్తనా సమస్యలన్నిటికీ ఎఫ్10 అని పేరు. చుక్క తర్వాత వచ్చే అంకె జబ్బు ఏ రకమో చెబుతుంది. ఎఫ్10.0 అంటే మత్తులో ఉండటం. ఎఫ్10.1 అంటే ఆరోగ్యం చెడేలా తాగటం. ఎఫ్10.2 అంటే మద్యం మీద ఆధారపడిపోవటం. ఎఫ్10.3 అంటే తాగుడు ఆగిపోయినప్పుడు వచ్చే వణుకు, చెమట, నిద్రలేమి. ఎఫ్10.4 అంటే ఆ బాధ ముదిరి సంధి పుట్టటం. పదకొండో కూర్పును 2019 మేలో ఆమోదించారు, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఎఫ్10 పోయి 6సి40 వచ్చింది. అమెరికా మానసిక వైద్యులకు వేరే పుస్తకం ఉంది. 2013లో వచ్చిన దాని ఐదో కూర్పు 11 లక్షణాలు చెప్పి, ఏడాదిలో రెండు కనబడితే జబ్బు ఉన్నట్టేనంది. రెండో మూడో ఉంటే తక్కువ, నాలుగో ఐదో ఉంటే మధ్యరకం, ఆరో అంతకన్నా ఎక్కువో ఉంటే తీవ్రం.

ముందు ఒక న్యాయమైన మాట చెప్పుకోవాలి. తాగుడును పాపం ఖాతాలోంచి తీసి జబ్బు ఖాతాలో వేయటం చిన్న పని కాదు. 1849లో స్వీడన్ వైద్యుడు మాగ్నస్ హుస్ 'ఆల్కహాలిజం' అనే మాట పుట్టించాడు. 1976లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, మిల్టన్ గ్రాస్ అనే ఇద్దరు 'ఆధారపడటం' అనేదాన్ని లక్షణాలుగా విడమరిచి చూపారు. "మాలోళ్లకీ మాదిగోళ్లకీ తాగుడు పుట్టుకతో వస్తుంది" అనే ఊరి పెద్దల మాటకు ఈ శాస్త్రం ఒక జవాబు. కులగుణం కాదయ్యా, ఇది ఎవరికైనా వచ్చే జబ్బు, చికిత్స ఉన్న జబ్బు అంటుంది. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం మూడో సెక్షను, జబ్బును నిర్ధారించేటప్పుడు మనిషి ఆర్థిక, సామాజిక హోదాను ఆధారం చేసుకోకూడదని రాసింది కూడా. ఇంతవరకూ మేము ఆ పుస్తకం పక్షమే.

ఎవరి కొలతలు

పేచీ కొలతల దగ్గర మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగుడును పసిగట్టటానికి 1989లో పది ప్రశ్నల పట్టిక తెచ్చింది. ఒక 'డ్రింకు' అంటే 10 గ్రాముల ఆల్కహాలని దాని లెక్క. ఒకే కూర్చున్నప్పుడు ఆరు డ్రింకులు ఎన్నిసార్లు తాగుతావు అని మూడో ప్రశ్న. మన కూలోడు గ్లాసుల్లో తాగడు, క్వార్టర్లో తాగుతాడు. 180 మిల్లీలీటర్ల సీసాలో 42.8 శాతం ఆల్కహాలంటే దాదాపు 61 గ్రాములు. ఆరు డ్రింకులు. అంటే సర్కారు అనుమతితో అమ్మే ఒక్క క్వార్టరు సీసాయే పుస్తకం చెప్పిన ప్రమాద గీత దగ్గర కూర్చుంది. ఆ గీత మనిషి దాటాడా, దాటించేలా సీసా తయారైందా? పట్టికలో ఈ ప్రశ్నకు గడి లేదు.

అమెరికా పుస్తకంలో ఇంకో లక్షణం: తాగుడు వల్ల ఉద్యోగంలో, ఇంట్లో బాధ్యతలు నెరవేర్చలేకపోవటం. నెలజీతం ఉన్నవాడు సోమవారం సెలవు పెడితే అది కనబడుతుంది. రోజుకూలికి పోయేవాడు పని మానేస్తే ఆ పూట పొయ్యి వెలగదు. కాబట్టి చేతులు వణుకుతున్నా పనికి పోతాడు. పుస్తకం లెక్కలో వాడు బాధ్యత నెరవేర్చినట్టే! ఆకలి వాడి జబ్బును ఒక మెట్టు తగ్గించి చూపిస్తోంది.

అదే పుస్తకం 1994 కూర్పులో 'మళ్లీ మళ్లీ చట్టంతో చిక్కులు రావటం' కూడా ఒక లక్షణం. మన రాష్ట్రంలో 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ రెండేళ్లలో అదే మనిషి అదే గుక్క తాగినా, పోలీసులు రెండు మూడుసార్లు పట్టుకుంటే ఒక లక్షణం పెరిగినట్టే. నిషేధానికి ముందు లేని లక్షణం నిషేధంలో పుట్టి, నిషేధం ఎత్తేయగానే నయమైపోయింది! పోలీసు జీపు ఊళ్లో ఏ వైపుకి ముందు పోతుందో పాఠకులకు చెప్పక్కర్లేదు. 2013లో ఆ లక్షణాన్ని తీసేశారు. అంటే పుస్తకం దిద్దుకుంటుంది. దిద్దించటం కుదురుతుందన్నమాట.

"ఏ మందు అని అడగలా"

మేము చూసిన ఒక డిశ్చార్జి చీటీ సంగతి చెబుతాం. ఆసుపత్రి పేరు, ఊరి పేరు ఇక్కడ అక్కర్లేదు. మిరపచేలో మందు కొట్టటానికి పోయిన ఒక కూలీ సాయంత్రానికి వాంతులు, చెమటలు, వణుకుతో పడిపోయాడు. చీటీ మీద 'ఆల్కహాల్ డిపెండెన్స్' అని ఉంది. ఆయన భార్య మాతో ఇలా అంది: "మందు కొట్టాడమ్మా అని చెప్పాను. ఆ డాక్టరమ్మ వాసన చూసింది, రాసుకుంది. ఏ మందు అని అడగలా."

ఆయన తాగలేదని ఆమె అనలేదు. పొద్దుటినించీ వీపున పంపు మోసి, ఆ ఘాటు పోవటానికి ఇంత పోసుకున్నాడనే చెప్పింది. రెండూ నిజమే. చీటీలో మాత్రం ఒకటే నిజం మిగిలింది.

ఈ పొరపాటు తేలిగ్గా జరిగేదే. ఈ చేలల్లో ఏళ్ల తరబడి కొట్టిన మోనోక్రోటోఫాస్ లాంటి మందులు చర్మం గుండా, ఊపిరి గుండా ఎక్కితే చెమట, వాంతి, వణుకు, తికమక వస్తాయి. తాగుడు హఠాత్తుగా ఆగినా చెమట, వాంతి, వణుకు, తికమక వస్తాయి. తేడా ఎక్కడంటే, పురుగుమందు ఎక్కినవాడి కనుపాపలు మామూలుగా సూదిమొనంత అవుతాయి, నోట్లో చొంగ కారుతుంది. మద్యం ఆగినవాడి కనుపాపలు పెద్దవవుతాయి, గుండె దడదడలాడుతుంది. నెత్తుట్లో కోలినెస్టరేజ్ పరీక్ష చేస్తే ఇంకా తెలుస్తుంది. ఒకదానికి అట్రోపిన్ కావాలి, ఇంకోదానికి వేరే చికిత్స కావాలి. ఒక టార్చిలైటు వెలుగు, ఒక ప్రశ్న చాలు. మాల, మాదిగ అన్నాక తాగుడు మాట ముందే మనసులో ఉంటే ఆ ప్రశ్న నోటికి రాదు. కులం పని చేసేది అలాంటి చోటే. తిట్టక్కర్లేదు, కొట్టక్కర్లేదు. అడగకపోతే చాలు.

పుస్తకంలో ఆ నిజానికి చోటు లేదా అంటే, ఉంది. టి60.0 ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ పురుగుమందుల విషానికి. జెడ్57.4 అయితే అచ్చంగా వ్యవసాయంలో విషపదార్థాలకు గురయ్యే పనికి. జెడ్59.6 తక్కువ ఆదాయానికి. ఇవి ఎఫ్10 పక్కన రాయొద్దని ఎవరూ అనలేదు. అయినా మేము చూసిన చీటీల మీద జెడ్ అక్షరం మొదలయ్యే అంకె ఒక్కటీ కనబడలేదు.

జెడ్ అధ్యాయాన్ని కాస్త నిదానంగా చదవాలి. వివక్షకు కూడా అందులో ఒక అంకె ఉంది, జెడ్60.5. పక్కన ఉన్న మాట చూడండి: వివక్షకూ వేధింపుకూ గురైనట్టు 'భావించటం'. తాగుడుకు అలాంటి మాట లేదు. తాగినట్టు భావించటం అని ఎక్కడా రాయలేదు. తాగుడు రోగి ఒంట్లో ఉన్న నిజమట, వివక్ష రోగి మనసులో ఉన్న అనుమానమట! ఇంకో నియమం కూడా ఉంది. ఈ అధ్యాయపు అంకెల్ని మరణానికి మూలకారణంగా వాడకూడదు. కాబట్టి ఆ పుస్తకం ప్రకారం పేదరికం వల్ల ఎవడూ చావడు, వివక్ష వల్ల ఎవడూ చావడు. పక్కన నిలబడి చూడటానికి మాత్రమే వాటికి అనుమతి.

ఇంకో అంకె కూడా చూడాలి. ఎఫ్10.6 అంటే తాగుడు వల్ల జ్ఞాపకం పోవటం. దానికి అసలు మూలం బి1 విటమిను లోపం. తాగుడు ఆ విటమినును ఒంటికి పట్టనివ్వదు, నిజమే. తిండి లేకపోవటం దాన్ని అసలు లోపలికే పోనివ్వదు. మరపట్టిన తెల్లబియ్యం తిన్న ఈ కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి బాగా ఎరిగిన జబ్బు. అదీ ఈ విటమిను లోపమే. సీసా చేసింది ఎంత, ఖాళీ కంచం చేసింది ఎంత? పుస్తకం మొత్తం సీసా ఖాతాలోనే రాసింది.

కురిచేడు

2020 జూలై ఆఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. చనిపోయినవాళ్లలో బిచ్చగాళ్లున్నారు, కూలిపని చేసుకునేవాళ్లున్నారు. కరోనా కట్టడి వల్ల అక్కడ మద్యం కొట్లు మూశారు. అంతకు ముందు మార్చి లాక్‌డౌన్‌లో రాష్ట్రమంతా మూశారు, మేలో తెరిచి రెండు రోజుల్లో ధర మొత్తం 75 శాతం పెంచారు.

ఈ చావులకు అంకె వేయాలంటే టి51, మద్యపు విషం. బయటి కారణం గడిలో ఎక్స్45, ప్రమాదవశాత్తు. ఈ వరసను వెనక్కి చదివి చూడండి. 1986లో సర్కారు మద్యం వ్యాపారానికి కార్పొరేషన్ పెట్టుకుంది. 2019 అక్టోబరు 1 నుంచి కొట్లు కూడా తనే నడిపింది. ఏళ్ల తరబడి తాగించి, ఒక రాత్రిలో ఆపేస్తే, ఆధారపడిన ఒంట్లో గంటల్లో వణుకు మొదలవుతుందని, రెండు మూడు రోజుల్లో సంధి పుట్టి ప్రాణం మీదికి రావచ్చని వైద్యశాస్త్రానికి ఎప్పుడో తెలుసు. కొట్టు మూసిన రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు, మంచం సిద్ధం కావాలి. అమ్మేటప్పుడు ఊరూరికీ చేరిన సర్కారు, ఆపేటప్పుడు ఊరూరికీ చేరలేదు. అయినా గడిలో రాసేది 'ప్రమాదవశాత్తు'. 2024 అక్టోబరులో కొట్లు మళ్లీ ప్రైవేటువాళ్లకు పోయాయి. రాష్ట్రమంతా 3,396 కొట్లు, 99 రూపాయలకు క్వార్టరు. తాగినవాడికి అంకె ఉంది, తాగించినవాడికి లైసెన్సు ఉంది.

అంకె ఎవరికి అక్కరకొస్తోంది

2019లో సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు వెలువరించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం, మద్యం మీద ఆధారపడినవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స అందిందని చెప్పారు. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవాళ్లు 180 మందికి ఒక్కరు. వైద్యం దగ్గర ఇంత పిసినారిగా ఉన్న ఈ జబ్బు పేరు, డబ్బు ఎగ్గొట్టే దగ్గర మాత్రం ధారాళంగా పలుకుతుంది.

బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మినహాయింపుల జాబితాలో తాగుడుకు, దాని పర్యవసానాలకు చేసే వైద్యం ఉంది. 2017 చట్టమేమో మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యల్ని మానసిక జబ్బుల్లో కలిపింది, శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంది. రెండూ ఒకే ప్రభుత్వపు కాగితాలు. ఏ కాగితం ముందుకొస్తుందో క్లెయిము పెట్టిన పేదోడికి తెలుసు.

ఆత్మహత్యల లెక్క చూడండి. 1987 ప్రాంతంలో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ప్రకాశం, గుంటూరు రైతులు అదే పురుగుమందు తాగి చచ్చారు. 2021–22లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేసింది. జాతీయ నేర నమోదు సంస్థ పట్టికలో అప్పులకు ఒక గడి, తాగుడుకు ఇంకో గడి. ఒక మనిషికి ఒక్క గడే. అప్పు వల్ల తాగినవాణ్ణి, తాగి అప్పు చేసినవాణ్ణి, రెండూ కలిసి చంపినవాణ్ణి ఆ పట్టిక విడదీయలేదు. 2004 నాటి జీవో 421 ప్రకారం పరిహారం రావాలంటే అధికారుల కమిటీ 'ఇది సేద్యపు అప్పుల చావు' అని తేల్చాల్సి వచ్చేది. 'తాగుబోతు' అన్న ఒక్క మాటతో ఆ ఇంటికి లక్షన్నర పోయేది. కౌలు కాగితం లేని మాలోడి పేరు ఆ వరసలో అసలు నిలబడేదే కష్టం.

దెబ్బల కేసుల్లో ఇది ఇంకా ప్రమాదం. మరొకరు కొడితే ఎక్స్85 నుంచి వై09 దాకా దాడి అంకెలున్నాయి. తూలి పడితే డబ్ల్యూ అక్షరం. గూడెం కుర్రాడు తల పగిలి వస్తే, మద్యం వాసన అని ఒక ముక్క రాసి డబ్ల్యూ పక్కన ఎఫ్10.0 పెడితే చాలు, అట్రాసిటీ కేసు కోర్టు మెట్లెక్కకముందే సగం చచ్చిపోతుంది. తాగినవాణ్ణి కూడా కొట్టొచ్చు కదా, తాగి ఉండటం దెబ్బకు కారణం కాదు కదా అని అడిగేవాళ్లు ఆ రాత్రి క్యాజువాలిటీలో ఉండరు.

మనం మన ఇంట్లో

ఇంతవరకూ పుస్తకాన్నీ సర్కారునూ నిలదీశాం. ఇక్కడితో ఆపితే మన ఆడవాళ్లు మనల్ని క్షమించరు. తాగుడు మన సంస్కృతి అని, కష్టజీవి హక్కు అని మన సభల్లోనే మాట్లాడినవాళ్లున్నారు. ఆ మాట ఏ రోజూ దళిత స్త్రీ నోట రాలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారా కొట్టు మూయించినప్పుడు మా మొగుళ్లకు ఏ జబ్బుందో తేల్చమని అడగలేదు. సారా ఊళ్లోకి రాకూడదన్నారు. ఆ కదలిక రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరు 1న సారా రద్దయింది. పుస్తకం తాగినవాడి దగ్గర మొదలెడుతుంది, వాళ్లు తెచ్చినవాడి దగ్గర మొదలెట్టారు. రోగనిర్ధారణ అంటే అదీ!

పదో కూర్పులో హానికర వాడకం అంటే తాగినవాడి ఆరోగ్యానికి హాని. వాడి చేతి దెబ్బకు విరిగిన భార్య చెయ్యి అందులోకి రాదు. పదకొండో కూర్పు ఆ నిర్వచనంలో ఇతరుల ఆరోగ్యానికి జరిగే హానిని కూడా చేర్చింది. ఊరూరా ఆడవాళ్లకు ఎప్పటినించో తెలిసింది పుస్తకం 2019లో ఒప్పుకుంది. మగవాడి మీద రాతను తగ్గించమని అడిగే మనం, ఈ కొత్త మాటను మాత్రం గట్టిగా పట్టుకోవాలి. పేదరికం తాగుడుకు కారణం కావచ్చు, ఇంట్లో ఆడదాన్ని కొట్టటానికి అది సాకు కాదు.

కాబట్టి అంకెను చెరిపేయమని మేము అడగటం లేదు. చెరిపేస్తే ముప్ఫై ఎనిమిది మందిలో ఆ ఒక్కడికి అందే వైద్యం కూడా పోతుంది. అంకెను పూర్తిగా రాయమంటున్నాం. ఎఫ్10 రాసే చెయ్యి టి60 ఉందేమో చూడాలి, జెడ్57.4 రాయాలి. తూలిపడ్డాడని రాసేముందు ఎవరైనా కొట్టారా అని అడగాలి. 2017 చట్టం 25వ సెక్షను ప్రకారం మానసిక వైద్యం పొందినవాళ్లకు తమ రికార్డు చూసుకునే హక్కుంది. కార్యకర్తలు బాధితులతో పాటు వెళ్లి ఆ నకలు అడగాలి. సర్వేలకు పోయే విద్యార్థులు 'తాగుతాడా' అనే గడి పక్కన 'ఏం పని చేస్తాడు, ఏ పురుగుమందు కొడతాడు, కొట్టు ఎంత దూరం, కూలి ఎంత' అనే నాలుగు గళ్లు వేసుకోవాలి. వైద్య కళాశాలల్లో చదువుతున్న మన పిల్లలు ఈ పుస్తకాన్ని బట్టీ పట్టటమే కాదు, దిద్దే చోటికి చేరాలి.

అంతదాకా ఆగక్కర్లేని పని కూడా ఒకటుంది. రేపు పొద్దున ఏ ఆసుపత్రిలోనైనా, ఏ డాక్టరైనా చేయగలిగిందే. మందు కొట్టాడమ్మా అని ఒక ఆడమనిషి చెప్పినప్పుడు, కలం తీసే ముందు తల ఎత్తి అడగటం: ఏ మందు?